వేడి ట్యాంకు

పెళ్లయి ఎనిమిది నెలలు. మొగుడు గ్యాస్ టాంకర్ డ్రైవరు, పెళ్లాం ఆ గ్యాస్ నింపే టెర్మినల్లో మూడో బే, అంటే బండి నిలిపి నింపే మూడో గడి, ఆపరేటరు. ఆయనకి సెలవు దొరికితే ఆవిడకి డ్యూటీ, ఆవిడకి సెలవు దొరికితే ఆయన ఎక్కడో హైవే మీద. మొహామొహాలు చూసుకునేది బుధవారం లోడింగులోనే. అదీ హెల్మెట్లు, ప్లాస్టిక్ షీల్డుల వెనకనుంచి.

ఆ గ్యాస్ మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లటి ద్రవం. ట్యాంకు చల్లగా వస్తే గంటలో నిండుతుంది. వేడెక్కి వస్తే ముందు దాన్ని మెల్లగా చల్లబరచాలి, మొత్తం ఐదు గంటలు. అందుకే డ్రైవర్లంతా చల్లదనం పోకుండా అడుగున కాస్త గ్యాస్ మిగుల్చుకుని వస్తారు. మనవాడు మాత్రం ఫ్యాక్టరీలో చివరి చుక్క దాకా దించేసి, వాళ్లచేత దానకర్ణుడనిపించుకుని, బండిని రెండు రోజులు ఎండబెట్టి మరీ తెస్తాడు. ఆ ఐదు గంటలూ డ్రైవర్లు దాటకూడని పసుపు గీత వెనక నిలబడి ఆవిడ వీపు చూస్తాడు. లోకంలో అంత మంచి వీపు ఇంకోటి లేదని తేల్చేశాడు. పోటీకి వేరే వీపుల్ని పిలవలేదనుకోండి.

ఈ బుధవారం ఒంటిగంటకి ఆవిడ ఫారం పట్టుకుని ఎదురొచ్చింది.

"డ్రైవర్ గారూ, మీ ట్యాంకు వేడెక్కి రావడం ఇది ఐదోసారి. ఎక్కడో లీకుంది. వర్క్‌షాపుకి రాసేస్తున్నా. రెండు నెలలు పడుతుంది."

రెండు నెలలు! ఆయన గుండె జారి బూటులో పడింది.

"లీకేం లేదు మేడం గారూ. నేనే ఖాళీ చేసుకొస్తున్నా... నిన్ను కాసేపు ఎక్కువ చూడొచ్చని."

పైపులో గ్యాస్ మైనస్ నూట అరవై. ఆవిడ చూపు ఇంకో రెండు డిగ్రీలు కింద.

"నా డ్యూటీ ఎన్నింటిదాకా అయ్యా?"

"రెండింటిదాకా."

"మొదలెట్టినవాళ్లే ముగించాలని రూలు. నీ పుణ్యమా అని ఆరింటిదాకా ఇక్కడే చస్తున్నా. ఆరు కాగానే నువ్వు బండెక్కేస్తావు. అదే చల్లగా వచ్చుంటే?"

ఆయన వేళ్లు మడిచాడు. రెండింటికి లోడు పూర్తి. రోడ్డు మీదికి బళ్లని వదిలేది ఆరింటికి. అందాకా బండి యార్డులో. ఇల్లు నడిచేంత దూరం. నాలుగు గంటలు.

"ప్రతి బుధవారం ఇద్దరికీ వండి పెట్టి వస్తున్నా," అందావిడ, అటు తిరిగి.

"నాకేం తెలుసే..."

"బేలో ఒసేయ్ గిసేయ్ లేవు. గీత వెనక్కి నడు."

ఫారం నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకుని, వెళ్లి వాల్వు సన్నగా తిప్పింది. తొందరపెడితే ట్యాంకు పగులుతుంది. చల్లదనం చూపే గేజి ముల్లు మాత్రం తాతగారు మెట్లు దిగినట్టు దిగుతోంది. ఇద్దరూ దాన్నే చూస్తున్నారు.

"ఐదున్నరకి తెమిలితే, ఇంటికెళ్లి తాళం తీసి, మళ్లీ వేసి రావచ్చు," అన్నాడాయన.

"చాలు," అందావిడ.