నాయుడుగారు ఖాళీ చెయ్యని గదులు

నేను ఒక ర్యామ్ ముక్కను. పొడవు జానెడు లోపు, పొట్ట ఎనిమిది జీబీలు. ఎక్కడో సముద్రాల అవతల తయారై, విశాఖలో ఒక గేముల సెంటర్లో రెండేళ్లు కుర్రకారు యుద్ధాలు మోసి, చివరికి విజయనగరంలో ఒక కంటి ఆసుపత్రి కంప్యూటర్లో చేరాను. రోగులను టోకెన్ నంబర్ల ప్రకారం పిలవడం దాని పని. అక్కడే, ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే గౌరునాయుడి చేతికి చిక్కాను.

నాలో రెండు పేటలున్నాయి. స్టాక్ అనేది షేర్ ఆటో లాంటిది. ఆఖరున ఎక్కినవాడు ముందు దిగుతాడు, పని కాగానే ఎవరూ చెప్పకుండానే చోటు ఖాళీ అవుతుంది. రెండోది హీప్, అద్దె గదుల పేట. ప్రోగ్రామ్ అడిగినంత గది ఇచ్చి, చిరునామా చీటీ చేతిలో పెడతాను. ఖాళీ చేసే బాధ్యత మాత్రం అడిగినవాడిదే. చీటీ పారేసుకుంటే ఆ గదికి తాళం పడ్డట్టే. ఇంకొకరికి ఇచ్చే అధికారం నాకు లేదు.

టోకెన్ ప్రోగ్రామ్ రాసిన మహానుభావుడు గౌరునాయుడే. రోగికొక గది తీసుకుని, కంటి ఫొటోలన్నీ అందులో కుక్కి, రోగి వెళ్లగానే చీటీ పారేసేవాడు. ఒక్క గదీ ఖాళీ చేసిన పాపాన పోలేదు. రోజూ భోజనం వేళ కంప్యూటర్ ఆపి మళ్లీ వేసేవాడు. దాంతో గదులన్నీ ఒక్కసారిగా ఖాళీ, ఆయన తప్పూ మాయం. అప్పటికీ మొరాయిస్తే నన్ను ఊడబీకి, నా పళ్లను పెన్సిల్ రబ్బరుతో బరబరా రుద్ది, "దరిద్రపు ర్యామ్" అని తిట్టేవాడు. కరెంటు పోతే నాకేదీ గుర్తుండదంటారు. ఆ తిట్టు మాత్రం పోలేదు.

ఆ కంప్యూటర్ దగ్గర టోకెన్లిచ్చే పనికి కొత్తగా చేరిన సుగుణనూ వదల్లేదు. "ఈ పిల్ల వేలెట్టిన కాడ్నుంచే ఇలాగవుతోందండి" అని పెద్ద డాక్టరు కామేశ్వరిగారికి ఎక్కించాడు. కంప్యూటర్ ఇంకోసారి ఆగితే ఉద్యోగం ఉండదని ఆమె సుగుణకు చెప్పేసింది.

ఉచిత కంటి శిబిరం రోజున జనం రెండింతలు వచ్చారు. పదకొండుకే నేను పూర్తిగా నిండిపోయాను. గోడ మీది బోర్డులో టోకెన్ నంబరు ఆగిపోయింది. నాయుడు నన్ను పీకి, అందరి ముందూ బల్ల మీద పడేసి, "సచ్చిందండీ ఇది" అని ప్రకటించి, నా అంతే ఉన్న కొత్త ముక్కను బిగించాడు. శిబిరం కాబట్టి ఆరోజు భోజన విరామం లేదు. కంప్యూటర్ ఆపే వీలూ లేదు. రెండింటికి కొత్తదీ నిండింది, నంబరు మళ్లీ ఆగింది. బల్ల మీద పడి ఉన్న నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాయుడి మొహం పాలిపోవడం కళ్లారా చూశాను.

"ఇదీ సచ్చిందేటి నాయుడుగారూ?" అంది డాక్టరు.

సుగుణ ముందుకొచ్చింది. "ర్యామ్‌ది కాదండి తప్పు. పొద్దుట్నుంచి లెక్కెట్టాను. పేషెంటుకొక గది చొప్పున మెమరీ తీసుకుంటోందండి ప్రోగ్రాము. ఒక్కటీ తిరిగివ్వట్లేదు."

"ఎవరు రాశారది?"

సుగుణ ఫైలు తెరిచింది. పైనే గౌరునాయుడి పేరు, పక్కన తేదీ. ఆమె చేరడానికి పదకొండు నెలల ముందుది.

డాక్టరు ఆ తేదీని దగ్గరగా వంగి చదివింది. తర్వాత, "ఇకమీదట ప్రోగ్రామ్ సుగుణ చూస్తుంది. అది బాగయ్యేదాకా నంబర్లు మీరే పిలవండి" అని నాయుడి చేతికి టోకెన్ల కట్ట ఇచ్చింది.

నాయుడు గుమ్మంలో నిలబడి అరవడం మొదలుపెట్టాడు. నూట డెబ్బై రెండు. నూట డెబ్బై మూడు. ముసలివాళ్లు వినపడలేదంటే మళ్లీ అరిచాడు. రెండొందలు దాటేసరికి ఆయన గొంతు పూర్తిగా పోయింది. నాకు జాలి కలగలేదు.