గుల్లల ఎంపనాడా ఎవరికి

మా నాన్న ఒనోఫ్రే బర్రియా నలభై రెండేళ్లు సముద్రం అడుగున పనిచేశాడు. పడవలో గాలి మిషను దడదడలాడుతుంటే, నోట్లో పసుపు గొట్టం కరుచుకుని పది బారల లోతుకి దిగి, ఇసుక గోకి గుల్లలు ఏరుకొచ్చేవాడు. మా కుచావే రేవులో ముప్పై ఇళ్లుంటే ముప్పైయీ అలా బతికినవే. నేనొక్కదాన్నే చదువు వంకతో పట్నం వెళ్లి, చివరికి అక్కడొక బడిలో పిల్లలకి వంట చేస్తూ ఉండిపోయాను.

ఎక్కడున్నా గుడ్ ఫ్రైడేకి మాత్రం ఇంటికి రావాలి. ఆ రోజు మా ఇంట్లో మాంసం ముట్టరు. కజ్జికాయల్లా మడిచిన ఎంపనాడాలు చేస్తారు, లోపల సముద్రంలోంచి వచ్చిన కూర పెట్టి. పిండి అమ్మది, కూర నాన్నది. తెల్లవారకముందే వెళ్లి, సంచి తెచ్చి గుమ్మంలో దించి, నీళ్లు కారుతున్న బట్టలతోనే నిలబడి అడిగేవాడు. "గుల్లలది ఎవరికి? ఆల్చిప్పలది ఎవరికి? ఎర్సీలియా, నీకేంటే?" ఒక్కొక్కరం మా కోరిక చెప్పాలి. చిన్నప్పుడు ఒకసారి నేను "ఏదైనా సరే" అన్నాను. "ఏదైనా అనేది ఆకలి లేనివాళ్ల మాట. ఏం కావాలో చెప్పు," అని అలాగే నిలబడ్డాడు. కాళ్ల కింద నీళ్లు మడుగు కట్టాయి. చెప్పాకే చొక్కా మార్చుకున్నాడు.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఎర్రపోటు వచ్చింది. పేరుకే ఎరుపు. నీళ్ల రంగు మారదు, గుల్ల రుచీ మారదు. నీళ్లలో కంటికి కనపడని నాచు పుడుతుంది, అది తిన్న గుల్లల్లో విషం చేరుతుంది. ఉడకబెట్టినా పోదు, నిమ్మకాయ పిండినా పోదు. అధికారులు వచ్చి రేవులో బోర్డు పాతి, గుల్లలు తీయడం, అమ్మడం, తినడం నేరమని చెప్పి వెళ్లారు. పదిహేను రోజులన్నారు. తర్వాత నెలన్నారు. తర్వాత ఏమీ అనలేదు. వారానికోసారి లారీ వచ్చి ఇంటికొక పెట్టె ఇచ్చి పోయేది. బియ్యం, నూనె, సేమ్యాలు, ట్యూనా డబ్బాలు. నాన్న ఒక్కసారి కూడా ఆ వరుసలో నిలబడలేదు. మా పెట్టె కూడా తమ్ముడు ఎలాదియోయే మోసుకొచ్చేవాడు.

నేను గురువారం సాయంత్రం బస్సు దిగాను. నాన్న పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. రెండు నెలల్లో ఒళ్లు తగ్గలేదుగానీ మనిషి చిన్నగా అయిపోయాడు. "వచ్చావా," అన్నాడు. అంతే.

శుక్రవారం లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. అమ్మ అప్పటికే బల్ల మీద పిండి పిసుకుతోంది. పంది కొవ్వు కరిగించి ధారగా పోస్తోంది.

"అమ్మా, ఇవాళ మాంసం తినకూడదుగా. మరి ఇది?"

"కొవ్వు మాంసమా? కొవ్వు కొవ్వే. మీ అమ్మమ్మ పోసింది, వాళ్లమ్మ పోసింది. దేవుడు ఇంతవరకూ ఏమీ అనలేదు. ఉల్లిపాయలు తరుగు."

కాసేపటికి ఎలాదియో, అతని భార్య యాస్నా, ఆరేళ్ల కూతురు మైతే వచ్చారు. గొడుగు లేకుండా వచ్చినందుకు అమ్మ ముగ్గుర్నీ తిట్టి పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. ఇక కూర సంగతి తేలాలి. ఇంట్లో మూడున్నాయి. పక్క ఊరి చీజు, పెట్టెలో వచ్చిన ట్యూనా, అమ్మ రాత్రే నానబెట్టిన సముద్రపు నాచు. ఈ పెద్ద ఆకుల నాచుకి విషం పట్టదట. తోలు బెల్టులా ఉంటుంది, ముక్కలు చేసి ఉల్లిపాయలతో వేయిస్తే నమలడానికి మాంసంలాగే ఉంటుంది.

"నాచు ఎవరు తింటారు అత్తయ్యా?" అంది యాస్నా.

"పళ్లున్నవాళ్లు."

"అయితే ట్యూనాయే. డబ్బా మీద బొమ్మ చూశావా వదినా? చేప నవ్వుతోంది. మనల్ని చూసే."

ఎలాదియో నవ్వలేదు. "నాన్నేడీ?" అన్నాడు.

"కట్టెలకి వెళ్లుంటాడు," అంది అమ్మ.

"గొడ్డలి ఇక్కడే ఉంది."

అమ్మ చెయ్యి పిండిలో ఆగి, మళ్లీ కదిలింది. ఎలాదియో కిటికీ దగ్గరికి వెళ్లి అద్దం తుడిచి రేవు వైపు చూశాడు. ఒడ్డున ఉండాల్సిన మా చిన్న పడవ లేదు. గుడ్ ఫ్రైడే ఎప్పుడూ నిండు చంద్రుడి దగ్గరే పడుతుంది కాబట్టి ఆ పొద్దున ఆటు బాగా లాగేస్తుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండముక్కు అవతలి ఇసుకదిబ్బ బయటపడుతుంది. మునగక్కర్లేదు, మిషను అక్కర్లేదు. తెడ్డు వేసుకుంటూ వెళ్లి చేత్తో తవ్వుకోవచ్చు. అది అమ్మకీ, ఎలాదియోకీ, నాకూ తెలుసు.

తొమ్మిదిన్నరకి తలుపు తోసుకుని వచ్చాడు. సంచి గుమ్మంలో దించాడు. లోపల చిప్పలు ఒకదానికొకటి రాసుకున్న చప్పుడు ఆ ఇంట్లో అందరికీ తెలిసిన చప్పుడే.

"గుల్లలది ఎవరికి?" అన్నాడు.

పొయ్యిలో కట్టె చిటపటమంది.

"నోళ్లు పడిపోయాయా? ఎలాదియో, నీకు?"

"నాన్నా, ఆ సంచి బయట పెట్టు."

"ముక్కు అవతలివిరా ఇవి. అక్కడి నీళ్లు వేరు. బోర్డు పాతినవాడు అక్కడ కాలు పెట్టాడా? దిగి చూశాడా?"

"నేనూ దిగేవాణ్ణే నాన్నా. నీళ్లన్నీ ఒకటే అని నీకూ తెలుసు."

"నీకేం తెలుసు. పెట్టె కోసం వరుసలో నిలబడ్డం తెలుసు."

ఎలాదియో ముఖం తిప్పుకున్నాడు. యాస్నా పిల్లని దగ్గరికి లాక్కుంది.

నాన్న గొంతు తగ్గించాడు. "భయపడతారని తెలిసే నేను ముందు తిన్నాను. ఆరు. పడవలోనే, నిమ్మకాయ పిండుకుని, ఎనిమిదింటికి. ఇప్పుడు టైమెంతయింది? చూడండి నన్ను. నిలబడ్డాను, మాట్లాడుతున్నాను."

అమ్మ పిండి చేతులతోనే బల్ల చుట్టూ తిరిగి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎవరు తినమన్నారు నిన్ను?"

"ఎవరో ఒకరు తినాలిగా ఎడెల్‌మిరా. లేకపోతే మీరు నమ్మరు."

"పద, ఆసుపత్రికి పద."

"ఎందుకు? బాగున్నానని చెప్పడానికా?"

"తాతా, నాకు చీజుది," అంది మైతే.

"సరే, చీజు ఒకటి," అన్నాడు నాన్న, లెక్క ప్రకారం. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎర్సీలియా, నీకేంటే?"

ఆ అడగడంలో పాత బింకం లేదు. ఎవరో ఒకరు చెప్పకపోతే ఆయన ఆ గుమ్మంలోంచి కదలలేడేమో అనిపించింది. ఒకటి చేయనిద్దాం, తర్వాత ఎలాగూ పెరట్లో పాతిపెడతాను, ఎవరికీ తెలియదు అనుకున్నాను. "నాకు గుల్లలది, నాన్నా," అన్నాను.

అమ్మ నా వైపు చూసిన చూపు నేనింకా మర్చిపోలేదు.

నాన్న ముఖం విచ్చుకుంది. కోటు విప్పి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చున్నాడు. "చూశారా, మా పట్నం పిల్లకున్న ధైర్యం మీకెవరికీ లేదు," అన్నాడు. కత్తి తీసుకుని గుల్లలు తెరవడం మొదలుపెట్టాడు. "కూతురికి విషం పెడతావా ముసలోడా," అంటూ అమ్మ చెయ్యి పట్టుకోబోయింది. ఆయన మెల్లగా విడిపించుకున్నాడు. ఆ కాసేపూ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. దిబ్బ మీద ఎన్ని ఉన్నాయో, ఎంత లావున్నాయో, ఒక కొంగ ఎలా పక్కనే నిలబడి వాటా అడిగిందో. రెండు నెలల మాటలు ఒక్కసారే వస్తున్నాయి. యాస్నా కూడా ఒకచోట నవ్వింది. నేను వేయించిన ఉల్లిపాయల్లో ఆయన తరిగిన గుల్లలు కలిపి, పిండి బిళ్ల మీద పెట్టి మడిచాడు.

అంచు నొక్కడం మా ఇంట్లో ఆయన పని. తాడు పేనినట్టు, ఒక మెలికకీ ఇంకో మెలికకీ తేడా లేకుండా వచ్చేది. అలాంటిది మొదటి మెలిక ఊడిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఊడింది. వేళ్లు పిండి మీదికి వెళ్తున్నాయి గానీ పట్టుకోవడం లేదు.

"పిండి పొడిబారింది ఎడెల్‌మిరా," అన్నాడు.

అమ్మ పిండి ఎప్పుడూ పొడిబారలేదు. ఆయన మాట కూడా ముద్దగా వచ్చింది, నోట్లో దూది పెట్టుకున్నవాడిలా.

"నాన్నా, చెయ్యి ఎత్తు," అన్నాడు ఎలాదియో. నాన్న ఎత్తబోయాడు. భుజం దాకా కూడా రాలేదు. కూర అంటుకున్న చేతిని తనది కానట్టు చూసుకున్నాడు.

తర్వాత జరిగినవన్నీ తొందరగా జరిగాయి. ఎలాదియో, నేనూ ఆయన్ని మోసుకెళ్లి మా ట్రక్కు వెనక సీట్లో పడుకోబెట్టాం. తల నా ఒడిలో పెట్టుకున్నాను. ఎలాదియో నడిపాడు, అమ్మ ముందు కూర్చుంది. ఆసుపత్రికి మట్టిరోడ్డు మీద యాభై నిమిషాలు. వాన. సగం దూరంలో ఆయన మాట పూర్తిగా ఆగింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. అన్నీ తెలుస్తూనే ఉన్నాయి ఆయనకి, అది కళ్లలో కనపడింది. రొమ్ము లేవడం తగ్గింది. "ఊపిరి తీసుకో నాన్నా. ఇప్పుడు వదులు. మళ్లీ తీసుకో," అని చెబుతూనే ఉన్నాను. చివరి పది నిమిషాలూ నేనే నోటితో ఊదాను. నలభై రెండేళ్లు గొట్టంలోంచి గాలి పీల్చిన మనిషికి నా గాలి చాలిందో లేదో తెలియదు.

దీనికి విరుగుడు లేదని డాక్టరు చెప్పింది. మిషను ఊపిరి పోస్తుంటే విషం దానంతటదే దిగేదాకా ఆగాలి. రెండు రోజులు ఆగాం. ఈస్టరు ఆదివారం మధ్యాహ్నం గొట్టం తీశారు. వారానికి ఇంటికి పంపారు. చేతులూ కాళ్లూ మునుపటిలాగే కదిలాయి. పూర్తిగా నయమైందని కాగితం మీద రాసిచ్చారు.

"పడవలోనే పెదాలు మొద్దుబారాయి. చలికి అనుకున్నాను," అని ఒకసారి అమ్మతో అన్నాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నిజానికి ఏ సంగతీ ఎత్తలేదు.

వార్త రేడియోలో వచ్చింది. పేరు చెప్పలేదు గానీ కుచావేలో ఒనోఫ్రే ఎవరో తెలియనిదెవరికి? సముద్రం త్వరలోనే తెరుస్తారని ఆశపడ్డవాళ్లంతా, ఈయన వల్లే ఇంకో ఆరు నెలలు మూశారని నమ్మారు. అందులో నిజమెంతో నాకు తెలియదు. ముప్పై ఏళ్లు నాన్నతో ఒకే పడవలో తిరిగిన సందాలియో, దుకాణంలో అమ్మని చూసి, "మీ ఆయనకి ఆకలేస్తే మా ఇంటికి రావాల్సింది, మా అందరి కంచాల్లో మన్ను పోయడమెందుకు," అన్నాడట. అమ్మ ఉప్పు కొనుక్కుని వచ్చేసింది.

నవంబరులో రేవు తెరిచారు. నేను సెలవు పెట్టి వెళ్లాను, బహుశా నాన్న ముఖం చూడాలని. ఎలాదియో మొదటిరోజే మిషను ఎక్కించుకుని వెళ్లి, మూడుచోట్ల దిగి, మధ్యాహ్నానికి వచ్చేశాడు. భోజనాల దగ్గర చెప్పాడు.

"అన్నీ చచ్చి తెరుచుకున్న చిప్పలే నాన్నా. లోపల ఏమీ లేదు. దిబ్బ దిబ్బంతా అంతే. ముక్కు అవతల కూడా."

నాన్న బంగాళాదుంప నములుతున్నాడు. నమిలి మింగాడు.

"మళ్లీ పుట్టడానికి ఎన్నేళ్లు పడుతుంది?" అని యాస్నా అడిగింది.

ఎలాదియో తండ్రి వైపు చూశాడు. ఆ ప్రశ్నకి జవాబు ఆయనకే తెలియాలి. నాన్న కంచం తీసుకుని లేచి, కడిగి, బోర్లించి, తోటలోకి వెళ్లిపోయాడు.

తిరుగుప్రయాణం రోజు ఆయనే నా సంచి పట్టుకుని బస్సు దాకా వచ్చాడు. సన్నగా తుంపర పడుతోంది. బస్సు కోసం చూస్తూ అడిగాను.

"నా మీద కోపం ఉందా నాన్నా? ఆ రోజు నేను గుల్లలది కావాలనకపోతే, అప్పుడే ఆసుపత్రికి వెళ్లేవాళ్లం."

ఆయన రోడ్డు మలుపు వైపు చూస్తూ ఉన్నాడు. "నువ్వు తినేదానివి కాదుగా," అన్నాడు.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "కాదు," అన్నాను.

"నాకప్పుడే తెలుసు."

బస్సు వచ్చింది. సంచి పైకి అందించాడు. నేను మెట్టు మీద తిరిగి ఇంకేదో చెప్పబోయేసరికి ఆయన అప్పటికే వెనక్కి తిరిగాడు. ఇంటికి రేవు మీదుగా పోయే దారే దగ్గర. ఆయన మాత్రం పొలాల మీదుగా చుట్టుదారిన, ఆ వానలో నడుచుకుంటూ పోయాడు.