గ్రిఫాల్దో చావని వారం

గ్రిఫాల్దో మీద తనకున్నంత కసి ఎట్నా కొండ కింద పుట్టిన ఏ మగాడికీ లేదని చిరినో ఊరంతా చెప్పుకునేవాడు. వాణ్ణి తలుచుకుంటే తన ఒంట్లో పుట్టే వేడికి పక్కనున్న నిమ్మకాయలు ఉడికిపోతాయనేవాడు. అతను అచిరెయాలె ఊళ్లో నిమ్మకాయల గోదాములో పెట్టెలు మోసేవాడు. అందుకే సాయంత్రం కొయ్యబొమ్మలాటకి వచ్చేసరికి అతని జేబుల్లో కుళ్లిన నిమ్మకాయలు సిద్ధంగా ఉండేవి. ఆటలో దుర్మార్గుడు గ్రిఫాల్దో. వాడు కనపడగానే చిరినో లేచి, వాడి ఏడు తరాలనూ తిట్టి, కాయ విసిరేవాడు.

ఎన్నో చలికాలాలు విసిరాడు. ఒక్కటీ వాడికి తగల్లేదు. రాజుగారికి తగిలింది. గుర్రానికి తగిలింది. ముందు బెంచీలో మంగలి జెలోర్మో బట్టతలకైతే లెక్కలేదు. అదే చిరినో గోదాములో ఎలుక మీదికి విసిరితే, ఆ ఎలుక మళ్లీ ఇంటి ముఖం చూసిన దాఖలా లేదు.

"ఒరేయ్, నా తల గ్రిఫాల్దో తలలా ఉందట్రా?" అనేవాడు జెలోర్మో, రుమాలుతో తుడుచుకుంటూ.

"కోపానికి చెయ్యి వణుకుతుంది బాబాయ్."

ఆ హాల్లో ఇప్పుడు స్కూటర్లు బాగుచేస్తున్నారు. అప్పట్లో మాత్రం చలికాలమంతా రోజూ సాయంత్రం కథ నడిచేది, నిన్న ఆగినచోటు నుంచి. మగాళ్లంతా బెంచీల మీద ఇరుక్కుని వేయించిన శనగలు, గుమ్మడిగింజలు నమిలేవాళ్లు. తడిసిన ఉన్నికోట్ల వాసన. తెర వెనక దోన్ ప్లాచిదో పదేళ్ల పిల్లాడంత బరువున్న ఇనుపకవచాల బొమ్మల్ని ఆడిస్తూ రాజుకీ, రాక్షసుడికీ తనే గొంతిచ్చేవాడు. రాకుమార్తెలకూ పసివాళ్లకూ ఆయన భార్య దోన్నా వెనెరా గొంతు. గ్రిఫాల్దో కుట్ర పన్నిన రోజున జోళ్లు గాల్లో ఎగిరేవి. ఆ రాత్రి ఊళ్లో సగంమంది ఒంటికాలి జోడుతో కుంటుతూ ఇంటికెళ్లేవాళ్లు. కొత్తగా వచ్చిన డాక్టరుగారు అదేదో అంటురోగమనుకున్నారట.

ఒక ఏడాది దోన్ ప్లాచిదో ముందే చెప్పేశాడు. "ఈ కథ అయిపోగానే తలుపు మూసేస్తా. నా భుజాలు పడిపోయాయి. కుర్రాళ్లు సినిమాకి పోతున్నారు, ముసలాళ్లు కాఫీకొట్టులో టీవీ ముందు కూర్చుంటున్నారు."

కథ అయిపోవడమంటే గ్రిఫాల్దో చావడమే. నాలుగు గుర్రాలకు కట్టి నాలుగు వైపులా లాగిస్తారు. ఆ ఆట ఆదివారం.

ఆదివారం అందరూ చావుకొచ్చినట్టు నల్లకోట్లు వేసుకుని, గడ్డాలు గీయించుకుని వచ్చారు. బుట్టలకొద్దీ టమాటాలు. ఎంతసేపటికీ తెర లేవలేదు. చివరికి దోన్ ప్లాచిదోయే బయటికొచ్చాడు. ఆయనకి కాళ్లున్నాయని చాలామందికి అప్పుడే తెలిసింది.

"గ్రిఫాల్దో లేడు. వాణ్ణి తగిలించే కొక్కెం ఖాళీగా ఉంది," అన్నాడు.

"ఇంకో బొమ్మకి వాడి కోటు తొడిగి చంపెయ్యండి," అన్నాడు కటానియా నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాడొకడు.

"నీకు శిక్షపడితే మీ తమ్ముణ్ణి ఉరితీస్తే ఊరుకుంటావా?" అని లేచాడు జెలోర్మో.

అప్పుడు చిరినో బెంచీ ఎక్కాడు. "తప్పించుకున్నాడు, దొంగవెధవ! అడవిలో దాక్కునుంటాడు. దొరికేదాకా వెతకాల్సిందే!"

"వెతకాల్సిందే!" అంది హాలు.

ఇక తప్పలేదు. మర్నాటి నుంచి ఆటలో రాజుగారి సైన్యం గ్రిఫాల్దో కోసం అడవులు గాలించింది, గుహలు తవ్వింది, సన్యాసినుల మఠంలో ఉప్పుజాడీలు కూడా తెరిచి చూసింది. టీవీ దగ్గరికి పోయినవాళ్లంతా వెనక్కొచ్చేశారు. ఆట అయ్యాక దోన్నా వెనెరా మొగుడి భుజాలకు వేడి ఆముదం రాసేది. ఆట జరిగేటప్పుడు మాత్రం తెరకున్న చిల్లులోంచి జనాన్ని చూసేది. ఒక సాయంత్రం చూస్తే, గ్రిఫాల్దో ఎటునుంచి వస్తాడోనని అందరూ మెడలు చాస్తున్నారు. చిరినో ఒక్కడే ఏ బెంగా లేనివాడిలా శనగలు నములుతున్నాడు.

మర్నాడు ఆటలో ఒక చిన్న వార్తాహరుడు వచ్చి రాజు ముందు మోకరిల్లాడు. గొంతు దోన్నా వెనెరాది. "ప్రభూ, గ్రిఫాల్దో సముద్రంలో మునిగి చచ్చాడు. చచ్చేముందు వెక్కివెక్కి ఏడ్చాడు. మీ కాళ్లు పట్టుకుంటాను, క్షమించమన్నాడు."

"అబద్ధం!" చిరినో లేచి నిలబడ్డాడు. "గ్రిఫాల్దో ఏడవడు! ఎవడి కాళ్లూ పట్టుకోడు! అసలు వాడు చావనే లేదు!"

తెర పక్కనుంచి దోన్నా వెనెరా తల బయటికొచ్చింది. "నీకెలా తెలుసు నాయనా?"



"నా మంచం కింద ఉన్నాడమ్మా," అన్నాడు చిరినో. "నిమ్మకాయల పెట్టెలో పెట్టి మోసుకుపోయాను."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!" అన్నాడు జెలోర్మో. "వాణ్ణంతలా తిట్టేవాడివి కదరా!"

"తిట్టించుకోవడానికే కదా బాబాయ్ వాడు వచ్చేది. ఆ బంగారుకవచం వీరుడు ఉన్నాడే, విషం తాగకయ్యా, వెనక్కి చూసుకోవయ్యా అని ఎన్నేళ్లు గొంతు చించుకున్నాను! ఒక్కసారి విన్నాడా? ఏం చెప్పినా రాజుకే చెబుతాడు, లేకపోతే గుర్రానికి. గ్రిఫాల్దో అలా కాదు. ఇటు తిరిగి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, 'మీ ఒక్కరికే చెబుతున్నా, బయటికి పొక్కనివ్వకండి' అనేవాడు. పొద్దస్తమానం పెట్టెలు మోసేవాడికి రహస్యాలెవరు చెబుతారు? వాడు చస్తే మీరు తలుపు మూసేస్తారు. చావకపోతే కథ అవదు కదా అని..."

ఎవరూ ఏమీ విసర్లేదు. జెలోర్మో చేతిలో ఉన్న జోడు కాలికి తొడుక్కున్నాడు.

"నాక్కూడా చెప్పేవాడు," అన్నాడు నెమ్మదిగా.

దోన్ ప్లాచిదో కిందికి దిగొచ్చాడు, భుజం పట్టుకుని. "వాణ్ణి చావనివ్వరా. ఇంకో వారం ఈ బరువులు మోస్తే వాడికంటే ముందు నేను పోతాను. వెళ్లి తీసుకురా. తడినేల మీద పెట్టుంటావు, కవచం తుప్పు పట్టేసుంటుంది."

చిరినో కదల్లేదు.

"ఏంట్రా?"

"తుప్పేం పట్టదు దోన్ ప్లాచిదో. మంచం కింద అని అబద్ధం చెప్పాను," అన్నాడు తలొంచుకుని. "మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను. కింద పడుకుంటున్నది నేను."