ఆకలేసేదాకా

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులున్నవాళ్లలో జగపతిరాజు గారి మాటకు ఒక విలువుంది. ఎవరి చెరువులో రొయ్య మేత ముట్టకపోయినా ముందు ఆయనకే ఫోను చేస్తారు. ఆయన చెప్పేది ఎప్పుడూ ఒకటే. "గడియారం చూసి మేత వేయకండి. చెక్ ట్రే ఎత్తి చూడండి." చెక్ ట్రే అంటే బ్రహ్మవిద్యేం కాదు, పళ్లెంలాంటి వల చట్రం. అందులో గుప్పెడు మేత వేసి తాడుతో చెరువు అడుక్కి దింపుతారు. రెండు గంటలాగి పైకి లాగితే, రొయ్యకి ఆకలుందో లేదో అదే చెబుతుంది. మేత మిగిలిందంటే మరుసటి పూట తగ్గించాలి. తగ్గించకుండా పోస్తూ పోతే అది అడుగున కుళ్లి నీళ్లు పాడుచేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ ఈ మాట చెబుతున్న మనిషి ఇంట్లో, నాలుగేళ్ల మనవరాలు ఫోను చూపిస్తే తప్ప ముద్ద మింగదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రాజుగారు రచ్చ ముందు గెలిచేశారు.

పిల్ల పేరు లక్ష్మీదుర్గ. రాజుల ఇళ్లలో ఉయ్యాల్లో ఉన్న పిల్లనైనా అండీ అనే పిలుస్తారు కాబట్టి ఆమె అందరికీ దుర్గగారు. దుర్గగారి భోజనం చూసి తీరాల్సిందే. నీళ్ల చెంబుకి ఫోను ఆనించి పెడతారు. అందులో బొమ్మలు గెంతుతుంటే నానమ్మ సూర్యావతి గారు ముద్ద నోటి దగ్గర పెడతారు, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. బొమ్మలు ఆగితే నోరూ మూసుకుంటుంది. లోపలికి వెళ్లింది పప్పో పెరుగో పిల్లకి పట్టదు. పావుగంటలో గిన్నె ఖాళీ అవుతుంది, సూర్యావతి గారు తృప్తిగా చెయ్యి కడుక్కుంటారు.

ఈ వైభోగం ఏప్రిల్ నెలలో బయటపడింది. జూన్‌లో బళ్లో వేసేముందు అలవాటు పడుతుందని రెండు రోజులు పంపారు. రెండు రోజులూ టిఫిన్ డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. రెండో రోజు కోడలు మంజుష తీసుకురావడానికి వెళితే టీచరు పక్కకు పిలిచింది.

"తినమంటే ఫోను ఏదని అడుగుతోందండి. ఆకలేస్తోందా అంటే ఆ మాటే తెలియనట్టు చూస్తోంది. మధ్యాహ్నానికి నీరసించి చాప మీదే పడుకుండిపోయింది. ఇలా అయితే రోజంతా మేం ఉంచుకోలేమండి. ఈ నెలన్నరలో ఇంట్లో మాన్పించి తీసుకురండి."

ఆ రాత్రి మంజుష మామగారితో గట్టిగానే చెప్పింది. "రేపటి నుంచి అన్నం దగ్గర ఎవరి ఫోనూ ఉండకూడదండి మావయ్యగారూ. పిల్లకీ, నాకూ, మీ అబ్బాయిగారికీ, మీకూ కూడానండి."

"నాది చెరువు కెమెరాలు చూసే ఫోనమ్మా," అన్నారు రాజుగారు. "కరెంటు పోయి, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే, చూసుకునేలోపు పంట మొత్తం పోతుంది."

మంజుష మరేమీ అనలేదు. అనకపోవడాన్ని రాజుగారు ఒప్పుకోవడం కింద జమకట్టుకున్నారు. కానీ ఆయన లోపల ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. పిల్లకి ఏడాదిన్నర అప్పుడు మంజుష కామెర్లతో నెల రోజులు మంచాన పడింది. తల్లి కోసం ఏడుస్తూ అన్నం ముట్టని పిల్లకి, చెరువు కెమెరాలో తెల్లగా నీళ్లు చిమ్మే ఏరేటర్లు చూపించి మొదటి ముద్ద పెట్టింది ఆయనే. ఒక్క పూటకే కదా అనుకున్నారు. ఆ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయారు, ఆయన తప్ప.

మర్నాడు మధ్యాహ్నం అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఫోను లేదనేసరికి దుర్గ ఏడుస్తుందని ఎదురుచూశారు. ఏడవలేదు. కుర్చీ దిగి, తాతగారి పక్కకి వచ్చి నిలబడింది. ఆయన పళ్లెం పక్కన చెరువు ఫోను వెలుగుతోంది. ఒక ముద్ద, ఒక చూపు, ఒక ముద్ద, ఒక చూపు, అలా సాగుతోంది ఆయన భోజనం.

"తాతయ్యగారూ, మీరు చూసుకుంటూ తింటున్నారు కదండీ," అంది. ఫోను వైపు మొహం పెట్టి, నోరు తెరిచి, ముద్ద కోసం నిలబడింది.

రాజుగారు చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశారు. పళ్లెం వైపు చూసుకుంటే సగం పైగా ఖాళీ. ఏ కూరతో తిన్నారో ఆయనకే గుర్తు రాలేదు. సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని చెరువు గట్టుకి వెళ్లిపోయారు.

చెరువు మీద ఉండే బుల్లియ్య ఆయన దగ్గర పాతికేళ్లుగా పనిచేస్తున్నాడు.

"కెమెరాలు రాకముందు కరెంటు పోతే నాకెలా తెలిసేది బుల్లియ్యా?"

"ట్రాక్టరు హారను కొట్టేవాడినండి. తమరు గోచీ పెట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు."

"ఇక మీదట అలాగే కొట్టు. నేను అన్నం తినే అరగంట చూపు నీదే."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు బుల్లియ్య. తాడు చుట్టుకుంటూ, "నా మీద నమ్మకం లేక కెమెరాలు పెట్టించారనుకున్నానండి ఇన్నాళ్లూ," అన్నాడు.

రాజుగారు వంగి తాడు రెండో కొస అందుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఫోనులన్నీ భోజనం వేళకి ఫ్రిజ్ మీద బిస్కెట్ల డబ్బాలోకి వెళ్లాయి. దుర్గ ఈసారి నిజంగానే ఏడ్చింది. పళ్లెం తోసేసింది. రెండు రోజులు పాలతోనూ, అరటిపండుతోనూ నెట్టుకొచ్చింది. మూడోరోజు మధ్యాహ్నం హఠాత్తుగా బాగుపడి చలాకీగా ఆడుకోవడం మొదలుపెట్టింది. రాజుగారు అనుమానపడ్డారు. మర్నాడు పెందరాళే ఇంటికొచ్చి చూస్తే, పెరటి వసారాలో సూర్యావతి గారి ఒళ్లో పిల్ల, పిల్ల చేతిలో ఫోను. కంచే చేను మేస్తోంది.

"ఏంటండి ఇది?" అన్నారు.

"పిల్లని పస్తు పెట్టడం నా వల్ల కాదండి," అన్నారు సూర్యావతి గారు, కళ్లనీళ్లతో. "మీరంతా నియమాలు పెట్టుకుని పొలాలకీ పనులకీ పోతారు. ఆ ఎండిపోయిన మొహం రోజంతా చూసేది నేను. దుర్గగారు నా చేత్తో గిన్నెడన్నం తిన్నారు. తప్పేంటి?"

"కడుపు నిండిందా మరి?"

"గిన్నె ఖాళీ అయింది కదండీ."

"నేనడిగింది గిన్నె గురించి కాదండి."

ఆవిడ కొంగుతో పిల్ల మూతి తుడిచారు. రాజుగారికి కోపం రావాల్సిన చోట జాలేసింది. పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. "ఫోను చూపించి మొదటి ముద్ద పెట్టింది నేనండి. మీ మీద వేయడానికి నాకు మొహం లేదు. రేపు ఒక్క పూట పిల్లని నాకు వదిలేయండి. మీరు వండండి, పెట్టకండి."

మర్నాడు పొద్దున్నే పాలు తాగించి, దుర్గని చెరువుల దగ్గరికి తీసుకెళ్లారు. బుల్లియ్య మొదటి చెరువులో తాడు లాగాడు. ట్రేలో మేత అలాగే ఉంది.

"తినలేదండి," అంది దుర్గ. "కొడతారా?"

"ఎందుకు కొడతామండి? వాటికి ఆకల్లేదు. ఈసారి తగ్గించి వేస్తాం."

రెండో చెరువు ట్రే పైకొచ్చింది. మేత గింజ లేదు. రెండు రొయ్యలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"మొత్తం తినేశాయి," అంది దుర్గ ఆశ్చర్యంగా. "ఫోను చూపించారాండి?"

బుల్లియ్య తాడు వదిలేసి నవ్వాడు. రాజుగారు నవ్వలేకపోయారు. "లేదండి. ఆకలేసింది, తిన్నాయి."

"ఆకలేస్తే ఎలా ఉంటుందండి?"

యాభై మంది రైతులకు సలహాలు చెప్పే మనిషి ఆ ప్రశ్నకి తడబడ్డారు. మాటలతో చెప్పగలిగేది కాదది. "కాసేపాగండి, తెలుస్తుంది," అన్నారు.

నాలుగు చెరువుల గట్లూ తిరిగారు. దుర్గ కొంగల్ని తరిమింది, బురదలో చెప్పు పోగొట్టుకుంది, బుల్లియ్య భుజమెక్కింది. పదకొండు దాటేసరికి ఎండ ముదిరింది. పిల్ల చిరాకు పడింది, ఊరికే ఏడ్చింది, ఊరికే ఊరుకుంది. ఎత్తుకుని ఇంటికి పరిగెత్తాలని, బల్ల మీద ఏదుంటే అది నోట్లో పెట్టేయాలని రాజుగారి ప్రాణం కొట్టుకుంది. బిగబట్టుకున్నారు.

గట్టు మలుపులో దుర్గ ఆగిపోయింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"తాతయ్యగారూ, ఇక్కడ ఏదోలా ఉందండి."

"నొప్పిగానా?"

"కాదండి. ఏం లేనట్టు ఉంది."

"దాన్నే ఆకలంటారమ్మా," అన్నారు రాజుగారు.

ఇంటికి రాగానే దుర్గ బురదకాళ్లతోనే వంటింట్లోకి వెళ్లింది. "నానమ్మగారూ, ఆకలేస్తోందండి."

సూర్యావతి గారు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయారు. రోజుకి మూడు పూటల చొప్పున ఇన్నేళ్లు పెట్టారు, ఆ పిల్ల నోట ఈ మాట వినడం ఇదే మొదలు. అసలు ఆ మాట పుట్టేదాకా ఎవరూ ఆగలేదు. ఆవిడ చెయ్యి అలవాటుగా ముద్ద కలపబోయి ఆగింది. చిన్న పళ్లెంలో కొంచెం అన్నం, ముద్దపప్పు, నెయ్యి వేసి పిల్ల ముందు పెట్టారు. పక్కనే కూర్చున్నారు, చేతులు ఒళ్లో పెట్టుకుని.

దుర్గ కలుపుకుంది. సగం ఒంటి మీద, సగం నేల మీద పడింది. మిగిలింది నోట్లోకి వెళ్లింది. నమిలింది, ఆగింది, నానమ్మ మొహంలోకి చూసింది.

"ఇదేంటండి?"

"పప్పమ్మా. రోజూ పెడుతున్నదే."

"బాగుందండి," అంది దుర్గ. "ఇంకొంచెం వేయండి."

సూర్యావతి గారు వడ్డిస్తూ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ మంజుష అలాగే గోడకి ఆనుకుంది. రాజుగారు తనూ ఒక పళ్లెం తెచ్చుకుని మనవరాలి పక్కన నేల మీదే కూర్చున్నారు. ఫ్రిజ్ మీద డబ్బాలో ఫోను మోగింది. ఆయన తలెత్తి, చెరువు వైపు చెవి పెట్టారు. ట్రాక్టరు హారను వినిపించలేదు. పప్పు కలుపుకుని మొదటి ముద్ద తిన్నారు. పిల్ల చెప్పింది నిజమే, బాగుంది.