పదిహేడో గేజ్

వేలు తీయడానికి ఇంకా నలభై సెకన్లుంది. వెర్నా హాల్వర్సన్ వంతెన దూలంలాంటి ఇనుప గర్డరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గోరంత రేకుని బొటనవేలితో అదిమిపట్టి, గోడ గడియారం వంక చూస్తోంది. ఆ రేకుని స్ట్రెయిన్ గేజ్ అంటారు. బరువు పడ్డప్పుడు ఇనుము కంటికి కనిపించనంత సాగినా అది పసిగట్టి తీగల్లోంచి కబురు పంపుతుంది. కాకపోతే దానికి చాలా మర్యాదలు చెయ్యాలి. ఇనుముని గరుకు కాగితంతో రుద్దాలి, మందుతో తుడవాలి, మళ్లీ తుడవాలి, ఒక్క చుక్క జిగురు వేసి నిమిషంపాటు వేలు కదపకుండా నొక్కిపట్టాలి. వేలి వేడికే జిగురు పడుతుంది. తొందరపడి ముందే తీస్తే ఆ గేజ్ ఇక జన్మలో నిజం చెప్పదు.

ఇరవై రెండేళ్లుగా ఈ యూనివర్సిటీ ల్యాబులో వెర్నా చేస్తున్న పని ఇదే. బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, ఆమె ఫోను కూడా ఆ వేలిని గుర్తుపట్టదు. అయినా ఆ నిమిషాలంటే ఆమెకి ప్రాణం. వేలు తీయకూడదు కాబట్టి ఆ కాసేపూ ఎవరూ కాఫీ పెట్టమనరు, ప్రింటరు బాగుచెయ్యమనరు, సందర్శకులకి కుర్చీలు వెయ్యమనరు. ఆమె బతుకులో తాపీగా ఆలోచించుకోవడానికి దొరికినవి ఆ అరవైలేసి సెకన్లే.

"మా ఆవిడా? యూనివర్సిటీలో స్టిక్కర్లు అంటిస్తుంది" అంటాడు మొగుడు గ్లెన్, ఎవరైనా అడిగితే. పక్కనున్నవాళ్లు నవ్వుతారు, వెర్నా కూడా నవ్వేది. అత్తగారు ఎర్డిన్ బతికున్న రోజుల్లో చర్చి భోజనాల దగ్గర అందరి ముందూ, "మా కోడలిది మంచి పనిచేసే చెయ్యి. అమ్మాయీ, ఆ చేత్తోనే ఈ నాలుగు బల్లలూ తుడిచెయ్యమ్మా" అనేది. ల్యాబు పెద్ద, ప్రొఫెసర్ రాస్ ఎలర్బీ మాత్రం పెద్దమనిషి. ఎవరొచ్చినా వెర్నాని చూపించి "ఈవిడవి బంగారు చేతులు" అంటాడు. ఆ చేతుల పైన ఒక తలకాయ కూడా ఉందని ఆయనకీ తట్టలేదు.

ఇప్పుడు ఆమె వేలి కింద ఉన్నది పదిహేడో గేజ్. దాని గొడవ వేరే.

మిల్ క్రీక్ మీద యాభై ఏళ్ల నాటి ఇనుప వంతెన ఉంది. అలాంటి గర్డర్లే మూడు చేయించి, వాటి మీద బరువు లక్షలసార్లు వేసి తీసి, ఎక్కడ ఎప్పుడు పగులుతుందో చెప్పమని రాష్ట్ర వంతెనల శాఖ ఎలర్బీని అడిగింది. దాన్నిబట్టి ఎంత బరువు బళ్లు దాటొచ్చో వాళ్లు తేలుస్తారు. ఎలర్బీ లెక్క ప్రకారం పగులు గర్డరు నడిమధ్యలో రావాలి. ఎడమ చివర, అడ్డుపలకకీ కింది రెక్కకీ మధ్య అరచేయంత సందుంది. లెక్కలో అక్కడ పెద్ద ఒత్తిడేమీ లేదు. అక్కడ పెట్టిన పదిహేడో గేజ్ మాత్రం మొదటి గర్డరులోనే లెక్కకి నాలుగింతలు చూపించింది.

"జిగురు సరిగ్గా పట్టలేదు వెర్నా. ఎంత చేయి తిరిగినవాళ్లకైనా ఒక్కోసారి జరుగుతుందిలే" అన్నాడు ఎలర్బీ జాలిగా. పదిహేడుని రిపోర్టులోంచి కూరలో కరివేపాకులా తీసిపారేశాడు.

రెండో గర్డరుకి ఆమె ఒళ్లంతా కళ్లు చేసుకుని అంటించింది. మళ్లీ నాలుగింతలు. పక్కనే ఇంకోటి, వేరే జిగురుతో అంటించింది. అదీ అదే మాట. "రెండూ ఒకే పెట్టెలోవి కదా, సరుకే బాగా లేదేమో" అన్నాడాయన. ఆ రెండు గర్డర్లనీ అనుకున్నన్నిసార్లు బరువు వేయడం పూర్తికాగానే ఆపేసి తుక్కుకి పంపించారు. ఆ మూలలోకి వంగి చూసిన పాపాన ఎవరూ పోలేదు. లెక్కకీ గేజ్‌కీ పేచీ వస్తే తప్పు గేజ్‌దే, గేజ్ తప్పయితే అంటించిన వేలిదే. వెర్నా అప్పుడు ఒక్క మాటా అనలేదు. రోజూ పొద్దున్నే పదిహేడో గేజ్ అంకెని తన నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకుంటూ మాత్రం వచ్చింది.

ఇది మూడోది, ఆఖరిది. పగిలేదాకా నడుపుతారు. ఈసారీ పదిహేడుని కొట్టేస్తే ఇక చెప్పేందుకు ఇంకో గర్డరు లేదు. వంతెన మీద బళ్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి.

నిమిషమైంది. వెర్నా వేలు తీసింది. ఆ నిమిషంలో ఆమె ఒక నిశ్చయానికి వచ్చింది.

ల్యాబులో ఒక ఆచారం ఉంది. యంత్రం మీట వెయ్యడానికి ముందు, లెక్కలు వేసినవాళ్లందరూ గర్డరు మీద సుద్దతో గీత గీస్తారు. పగులు ఇక్కడ వస్తుంది, ఇన్ని వేలసార్లకి వస్తుంది అని రాసి పేరు పొడి అక్షరాలు పెడతారు. అందరికన్నా దూరంగా ఉన్నవాళ్లు డోనట్లు కొనిపెట్టాలి. ఇరవై రెండేళ్లుగా ఆ రోజున వెర్నా నిమ్మకాయ బార్లనే తీపి ముక్కలు బేక్ చేసి తెస్తుంది, అయ్యాక సుద్ద తుడుస్తుంది. గీత ఎప్పుడూ గీయలేదు. ఎవరూ వద్దనలేదు, గియ్యమనీ అనలేదు.

ఆ సోమవారం బార్లు తేలేదు. ఎలర్బీ నడిమధ్యన గీత గీసి, పన్నెండు లక్షలు అని రాశాడు. మిగతా ఇద్దరు పరిశోధకులూ ఆయన పక్కనే అటో అంగుళం ఇటో అంగుళం గీశారు. సుద్ద ఇంకా బల్ల మీదకి చేరకుండానే వెర్నా చెయ్యి చాచింది.

"ఏంటి, తుడవాలా? ఇప్పుడే వద్దు" అన్నాడు ఎలర్బీ.

"తుడవడానికి కాదండీ" అంది.

గర్డరు ఎడమ చివరికి నడిచి, కిందకి వంగి, ఆ సందులో గీత గీసింది. ఆరున్నర లక్షలు. వి.హెచ్. సుద్ద తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది.

"అక్కడా? వెర్నా, డోనట్లు తెచ్చేటప్పుడు నాకు చాక్లెట్‌వి చూసి తీసుకురా" అన్నాడు ఎలర్బీ. అందరూ నవ్వారు. ఈసారి ఆమె నవ్వలేదు.

యంత్రం పగలూ రాత్రీ గర్డరుని కుమ్ముతూనే ఉంది. మరుసటి వారం గురువారం పొద్దున పది గంటలకి, వంతెనల శాఖ ఇంజనీరు మార్వా లిండ్‌స్ట్రామ్ చూసిపోదామని వచ్చి ఇంకా కోటు విప్పకముందే, ఈసారి పగులు వస్తే ఆగేలా పెట్టిన యంత్రం దానంతటదే ఆగిపోయింది. ఆరు లక్షల ముప్ఫై ఎనిమిది వేలు.

ఎలర్బీ పరుగున నడిమధ్యకి వెళ్లాడు. టార్చి వేసి చూశాడు, వేలితో తడిమాడు. ఏమీ లేదు. "ఏదో తీగ ఊడిందేమో" అన్నాడు.

వెర్నా ఆయన చేతిలో టార్చి అడిగి తీసుకుని, ఎడమ చివరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. వెల్డింగ్ అంచు నుంచి వేలెడు పొడవున నల్లటి పగులు. తన సుద్దగీతని సరిగ్గా అడ్డంగా కోసుకుంటూ పోయింది. అది చూసిన క్షణాన ఆమెకి గట్టిగా అరవాలనిపించింది. ఇరవై రెండేళ్ల అరుపు అది. అరవలేదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మార్వా పక్కన వచ్చి వంగింది. "ఎవరిదీ గీత? వి.హెచ్. అంటే ఎవరు?"

"మా వెర్నా. గేజులు అంటిస్తుంది, బంగారు..." అని ఎలర్బీ మొదలుపెట్టాడు.

"నేనేనండీ" అంది వెర్నా లేచి నిలబడి.

"ఎలా చెప్పగలిగారు?"

"పదిహేడో గేజ్ చెప్పింది. మొదటి గర్డరు నుంచీ చెబుతూనే ఉంది. బరువు పడ్డప్పుడల్లా ఈ సందు పక్కకి మెలితిరుగుతోంది. లెక్కలో ఆ మెలిక లేదు. గేజ్ పాడైందనుకుని దాని నోరు నొక్కేశాం." జేబులోంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది. "మూడు గర్డర్లవీ రోజువారీ అంకెలు. మీరు ఇవాళే తీసుకెళ్లండి. ఆ వంతెన మీద, మంచు కరగడానికి రోడ్లపై ఉప్పు చల్లే ట్రక్కులు తిరుగుతున్నాయి."

మార్వా అక్కడే నిలబడి పేజీలన్నీ తిప్పింది. ఆఖరి పేజీ చూశాక ఎలర్బీ వంక చూసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

ఆమె ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్లాక ఎలర్బీ దగ్గరికి వచ్చాడు. "చాలా గొప్ప పని చేశావు వెర్నా. రిపోర్టు చివర నీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు రాస్తాను."

"ఇరవై రెండేళ్లుగా రాస్తూనే ఉన్నారు కదండీ. ఈసారి వద్దు. ఆ మూల గురించిన అధ్యాయం నేను రాస్తాను. నా పేరు మొదటి పేజీలో, మీ పేరు పక్కన ఉండాలి."

"టెక్నీషియన్లు రిపోర్టులు రాయడం మన దగ్గర లేదు కదా."

"టెక్నీషియన్లు సుద్దగీత గీయడం కూడా లేదు, డాక్టర్ ఎలర్బీ."

ఆయన గర్డరు మీది వి.హెచ్. అన్న అక్షరాల వంక చూశాడు. "సరే" అన్నాడు. అన్యాయం ఎందుకు చెప్పాలి, ఆ మధ్యాహ్నం డోనట్లు ఆయనే కొనుక్కొచ్చాడు. మొదటిది వెర్నాకే ఇచ్చాడు.

వారం తిరిగాక గ్లెన్ రాత్రి భోజనానికి చిరచిరలాడుతూ వచ్చాడు. అతను కౌంటీలో మంచు తోసి ఉప్పు చల్లే ట్రక్కు నడుపుతాడు. "మిల్ క్రీక్ బ్రిడ్జి మీదకి ఉప్పు నింపిన ట్రక్కు పోకూడదట! చుట్టూ తిరిగి చావాలి. ఎవడో మేధావి ల్యాబులో కూర్చుని తేల్చాడట."

"ఎవడో కాదు" అంది వెర్నా, గిన్నె అతని వైపు జరుపుతూ. "నేను. పదిహేడో స్టిక్కరు."

గ్లెన్ ఫోర్కు ప్లేటులో పెట్టేశాడు. "రోజుకి నాలుగుసార్లు దాటుతాను దాన్ని" అన్నాడు గొంతు తగ్గించి.

"తెలుసు. ప్రతి పొద్దునా ఆ అంకె రాసేటప్పుడు నీ ట్రక్కే కళ్లముందు కనిపించేది."

తిన్నాక రెండు ప్లేట్లూ తనే తీసుకెళ్లి సింకులో పెట్టాడు. కడగలేదనుకోండి, కానీ పెట్టాడు. ఆదివారం చర్చిలో ఎవరో అడిగితే మాత్రం, "మా ఆవిడా? బ్రిడ్జి ఎక్కడ పగులుతుందో చెబుతుంది" అన్నాడు.

ఆ మూలని మళ్లీ పరీక్షించమని వంతెనల శాఖ పంపిన కొత్త గర్డరు మార్చిలో వచ్చింది. వెర్నా కిటికీ పక్క బల్ల దగ్గర తన అధ్యాయం రాసుకుంటోంది. ఎలర్బీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "మరి గేజులు ఎవరు అంటిస్తారు?"

"లెక్క వేసినవాళ్లే. రండి, నేర్పిస్తాను."

అరవై దాటిన మనిషి, మూలుగుతూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. రుద్దించింది, తుడిపించింది, మళ్లీ తుడిపించింది, చుక్క వేయించింది. ఆయన బొటనవేలు అదిమిపట్టాడు. వెర్నా గడియారం వైపు తిరిగి నిలబడింది. ఇరవై సెకన్లయింది, ముప్ఫై అయింది, ఆయన వేలు వణకడం మొదలెట్టింది.

"ఇంతసేపు ఏం చేస్తావు వెర్నా, ఇలా నొక్కిపట్టుకుని?"

"ఆలోచిస్తానండీ" అంది వెర్నా. "వేలు తియ్యకండి, ఇంకా ఇరవై సెకన్లుంది."