నిద్రలో ఆగిన టైమర్

వదిన సర్క్యూట్ బోర్డులు గీస్తుంది, ఆడపడుచు వాటిమీద నడిచే మూల ప్రోగ్రాం, కెర్నెల్ రాస్తుంది. ఇద్దరిదీ ఒకటే కంపెనీ. రోగులకు సిరంజితో మందును కొద్దికొద్దిగా ఎక్కించే పంపులు అక్కడ తయారవుతాయి. ఆడపడుచును ఆ ఉద్యోగంలో పెట్టించింది వదినే. అందుకే కొత్త పంపులో తేడా కనిపించినప్పుడు ఆ మాట ఎలా ఎత్తాలో ఆడపడుచుకు పాలుపోలేదు.

పరీక్షగదిలో మందుకు బదులు నీళ్లు నింపి, కింద కొలత గ్లాసు పెట్టి చూశారు. పంపు ఆగకుండా నడిచినంతసేపూ లెక్క సరిపోయేది. మధ్యలో విరామం ఇస్తే మాత్రం తర్వాతి మోతాదు ఆలస్యమయ్యేది. ఆమె కూపీ లాగుతూ టైమర్ల దాకా వెళ్లింది. బోర్డు మీద కాలాన్ని కొలిచేవి రెండున్నాయి. ఒకటి ప్రాసెసర్ కడుపులోని కౌంటర్, అడిగిందే తడవుగా జవాబిస్తుంది. రెండోది విడిగా ఉన్న టైమర్, దాన్ని చదవడం కాస్త నిదానం. ఏ టైమర్‌కు ఆ టైమర్‌ను నడిపే చిన్న ప్రోగ్రాం, దాని డ్రైవరే, ఎంత మంచిదో మార్కులు వేసుకుంటుంది. ఎక్కువ మార్కులున్నదాన్ని కెర్నెల్ నమ్ముతుంది. చురుకైనది కాబట్టి కౌంటరే నెగ్గింది. బ్యాటరీ ఆదా కోసం ప్రాసెసర్ కునుకు తీసినప్పుడల్లా అదీ పడుకుంటోందని ఆమె అనుమానం.

ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే వదిన ముఖం ముడుచుకుంది. కౌంటర్ ఆగదని చిప్ తయారుచేసినవాళ్లే చెప్పారనీ, తప్పేదో కోడ్‌లో వెతుక్కోమనీ అంది. ప్రాసెసర్‌ని అసలు పడుకోనివ్వకుండా ఉంచితే పోలేదా అన్నాడు మేనేజరు. ఆడపడుచు అలాగే చేసి చూపించింది. లెక్క కుదిరింది గానీ, పూట గడవకముందే బ్యాటరీ చేతులెత్తేసింది.

ఆ వారమంతా ఇంట్లో వదినా ఆడపడుచుల మాటలు ఉప్పు అందించడం దగ్గరే ఆగిపోయాయి. అన్నయ్య ఎవరి పక్షమూ పట్టకుండా ఉప్పుడబ్బా మధ్యలోకి జరిపేవాడు.

చివరికి ఒక ఉదయం వదినే విద్యుత్ సంకేతాలను తెరమీద అలలుగా చూపే ఆసిల్లోస్కోపు మోసుకొచ్చి ఆడపడుచు బల్ల మీద పెట్టింది. కౌంటర్ లెక్కపెట్టే ప్రాసెసర్ పల్సులు బయటికొచ్చే పిన్నుకు తీగ ఆనించింది. తెరమీద అలలు పరిగెత్తాయి. ప్రాసెసర్ నిద్రలోకి జారగానే గీత చదునైపోయింది.

"నువ్వు చెప్పినరోజే చూసుండాల్సింది," అంది వదిన.

"రెండో టైమర్ నిదానం కదా, అది పెడితే పంపు తెరమీద కదిలే మందు గ్రాఫ్ కుంటుతుంది వదినా. మేనేజరు ఒప్పుకోడేమో."

"గ్రాఫ్ సంగతి ఆయనతో నేను మాట్లాడతాలే. నువ్వు మార్చెయ్."

ఆడపడుచు కౌంటర్ మార్కులు తగ్గించింది. కెర్నెల్ ఈసారి రెండోదాన్ని ఎంచుకుంది, నీళ్లు వేళకు పడ్డాయి. గ్రాఫ్ కొంచెం ఆగి ఆగి కదిలేది. పంపు విడుదల వెనక్కి పోయింది. చిప్ సరిగా పరీక్షించకుండా వాడింది తనేనని మీటింగులో వదిన ఒప్పుకుని, మేనేజరు చేత మొట్టికాయలు తింది.

ఇంట్లో ముభావం పోవడానికి ఇంకొంత కాలం పట్టింది. తర్వాతి బోర్డు గీయడం మొదలుపెట్టిన రోజున వదిన తన పక్కకు మరో కుర్చీ లాగి, "కూర్చో, ఏ టైమర్ పెట్టాలో ముందే చెప్పు," అంది.