ఓడది ఏ దేశం

కోడలి ఉద్యోగం ఓడల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం. ఒక్కో ఓడకి ఒక్కో వరస, ఆ వరసలో "నమోదైన దేశం" అని ఒక గడి. అది ఖాళీగా ఉంటే ఆమెకి ముద్ద దిగదు. భర్త పనిచేసే ఓడ కూడా ఆ పట్టికలోనే ఉంది. నడిసముద్రంలో ఫోను అందదు. అందుకే అత్తగారు "వాడిప్పుడు ఏ దేశంలో ఉన్నాడే?" అని అడిగినప్పుడు, అలవాటు కొద్దీ ఆ గడిలో ఉన్న "పనామా" అనేసింది.

అంతే, అత్తగారు పనామాని పట్టుకుని వదల్లేదు. టీవీలో వానల సంగతి వస్తే చాలు, "పనామాలో ఎలా ఉందో చెప్పి చావడేం వీడు?" అని వార్తల మనిషి మీద విరుచుకుపడేది. ఆ సంబరం చూశాక నిజం చెప్పడానికి కోడలికి నోరు రాలేదు.

ఇవాళ ఆ ఓడ దేశం మారింది. పనామా పక్కన చివరి తేదీ వేసి, కింద కొత్త దేశం రాసి, ఇంటికొచ్చి కోడలు ఉన్నదంతా చెప్పేసింది.

"అది ఓడ పేరు నమోదు చేయించిన దేశం, అంతే అత్తయ్యా. ఇప్పుడు లైబీరియాకి మార్చారు. ఓడ ఆ దేశం రేవు మొహం చూడకపోయినా ఫర్వాలేదు."

"మరి వాడెక్కడున్నట్టు?"

"ఆ గడి మా దగ్గర లేదు."

తిట్లు తప్పవనుకుంది కోడలు. అత్తగారు మాత్రం లేచి వీధి తలుపు దాకా వెళ్ళి, కొడుకు పేరున్న పలక మీద దుమ్ము చేత్తో తుడిచింది.

"ఓడకి ఆ దేశం పేరు, మన గుమ్మానికి వాడి పేరున్నట్టేనన్నమాట," అంది.